మన ఇంటి నుంచి ఒక వకీలు రావాలి

గల్ఫ్‌లో పనిచేసే మనం పిల్లల చదువు గురించి మాట్లాడుకుంటే నాలుగు దారులే చెప్పుకుంటాం. ఇంజనీరింగ్, నర్సింగ్, ఏదో ఒక డిగ్రీ, అదీ కాకపోతే వీసా. "మా బిడ్డ లా చదువుతనంటున్నది" అని ఎవరన్నా అంటే పక్కనున్నోళ్లు నవ్వి, "కోర్టుల చుట్టూ తిరగనీకా?" అని కొట్టిపారేస్తారు.

ఈ ఆలోచన మారాలని నా అభిప్రాయం. ఇంటర్‌లో, డిగ్రీలో ఉన్న మన పిల్లల్లో చదవడం మీద, మాట్లాడడం మీద ఇష్టం ఉన్నవాళ్లతో లాసెట్ రాయించాలి. దానికి కోచింగ్ సెంటర్లకు మన ఓవర్‌టైమ్ డబ్బులన్నీ పోయాల్సిన పని లేదు. ఆరు నెలల క్రమశిక్షణ, ఇంట్లోవాళ్ల నుంచి ఒక మంచి మాట, మన సంఘాల నుంచి కొంచెం ఆసరా ఉంటే చాలు.

మన బాధలు చాలావరకు కాగితం మీదివే

ఒకసారి లెక్క వేసుకోండి. ఊళ్లో ఏజెంటు చెప్పిన జీతం ఒకటి, ఇక్కడ దిగాక సంతకం పెట్టించుకున్న కాగితంలో ఉన్న జీతం ఇంకొకటి. రిజిస్టర్డ్ ఏజెంటు సర్వీసు చార్జి కింద 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలని మన దేశంలో నిబంధన ఉంది. లక్ష, లక్షన్నర ఇచ్చి వచ్చినవాళ్లలో చేతిలో రసీదు ఉన్నవాళ్లు ఎంతమంది?

ఈసీఆర్ పాస్‌పోర్టు మీద పనికి వచ్చేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు రావాలి. ఆ పాలసీ కాగితం ఎక్కడుందో ఇంట్లో భార్యకో తల్లికో చెప్పి వచ్చినవాళ్లు మనలో ఎందరు?

మనిషి ఇక్కడ చనిపోతే శవపేటిక ఊరికి చేరడంతో పని అయిపోదు. రావాల్సిన జీతం, సర్వీసు డబ్బులు, బీమా, తెలంగాణవాళ్లకైతే ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల ఎక్స్‌గ్రేషియా, వీటన్నిటికీ కాగితాలు కావాలి. మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, రద్దయిన పాస్‌పోర్టు, పవర్ ఆఫ్ అటార్నీ అంటూ ఒక్కొక్క ఆఫీసు ఒక్కొక్కటి అడుగుతుంది. భర్తను పోగొట్టుకున్న ఆడమనిషి తహసీల్దారు ఆఫీసుకు, కలెక్టరేటుకు, బ్యాంకుకు తిరుగుతుంటే మధ్యలో ఎవడో ఒకడు "నేను చేసిపెడతా, ఇంత ఇవ్వు" అని వస్తాడు. ఇది మీరందరూ చూసిందే.

ఇంటి పనిచేసే అక్కచెల్లెళ్ల సంగతీ అంతే. కువైట్‌లో ఇంటి పనివాళ్ల కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించొద్దని, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలని, పని మానేసేటప్పుడు చేసిన ప్రతి ఏడాదికి ఒక నెల జీతం ఇవ్వాలని అందులో ఉంది. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో పనిచేస్తున్నవాళ్లలో ఎంతమందికి ఈ మాట ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారు?

ఇప్పుడు మన కాగితాలు చదివి చెప్పేది టైపింగ్ సెంటర్‌లో కూర్చున్న మనిషి, క్యాంపు బాస్, లేదంటే మనల్ని పంపిన ఏజెంటు. అందరూ చెడ్డవాళ్లని అనను. కానీ వాళ్లలో ఎవరూ మన తరఫు మనుషులు కాదు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మన పిల్ల హైదరాబాద్‌లోనో విశాఖలోనో లా చదివితే రేపు దుబాయ్ కోర్టులోనో రియాద్ లేబర్ కోర్టులోనో నిలబడి వాదించలేదు. అక్కడి లాయర్లు వేరు, అక్కడి భాష అరబ్బీ. అయితే మన కేసుల్లో సగం ఊళ్లోనే మొదలవుతాయి, ఊళ్లోనే ముగుస్తాయి. మోసం చేసిన సబ్ ఏజెంటు మన మండలంలోనే ఉంటాడు. బీమా క్లెయిమ్ పెట్టేది మన దేశంలోనే. మనం ఇక్కడుండగా పొలం గట్టు జరిపేది మన పాలివాడే. ఈ పనులకు ఊళ్లో చట్టం తెలిసిన మనిషి ఉంటే చాలు. వచ్చే ముందు కాగితం చదివి "ఇది సంతకం పెట్టకు నాయనా" అని చెప్పే కూతురు ఇంట్లో ఉంటే, ఎంబసీ చుట్టూ తిరిగే పనే పడకపోవచ్చు.

లాసెట్ అంటే ఏంది?

తెలంగాణకు టీజీ లాసెట్, ఆంధ్రప్రదేశ్‌కు ఏపీ లాసెట్ వేరువేరుగా జరుగుతాయి. ఉన్నత విద్యామండలి తరఫున ఒక యూనివర్సిటీ పరీక్ష పెడుతుంది. ఇంటర్ పాసైనవాళ్లు అయిదేళ్ల లా కోర్సుకు, డిగ్రీ పాసైనవాళ్లు మూడేళ్ల ఎల్ఎల్‌బీకి రాయొచ్చు. జనరల్ వాళ్లకు ఇంటర్ లేదా డిగ్రీలో 45 శాతం, బీసీలకు 42 శాతం, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం మార్కులు ఉండాలి. ఎంపీసీయా, సీఈసీయా, హెచ్ఈసీయా అన్న పట్టింపు లేదు.

పరీక్ష కంప్యూటర్ మీద ఉంటుంది. 120 ప్రశ్నలు, 120 మార్కులు, గంటన్నర సమయం. మొదటి భాగంలో జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30 ప్రశ్నలు. రెండో భాగంలో కరెంట్ అఫైర్స్ 30. మూడో భాగంలో చట్టం చదవడానికి కావాల్సిన అవగాహన మీద 60. తప్పు రాస్తే మార్కు కోత లేదు. ప్రశ్నలు ఇంగ్లిషులోను, తెలుగులోను ఇస్తారు. అర్హత మార్కులు 35 శాతం, అంటే 42. ఎస్సీ ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. దరఖాస్తు ఫీజు వెయ్యి రూపాయల లోపే.

అర్హత సాధించడం వేరు, మంచి కాలేజీలో సీటు సాధించడం వేరు. 42 మార్కులు వస్తే ఎక్కడో ఒకచోట సీటు దొరకొచ్చు. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్రా యూనివర్సిటీ లాంటి యూనివర్సిటీ కాలేజీల్లో సీటు కావాలంటే మంచి ర్యాంకు రావాలి. అక్కడ ఫీజు తక్కువ, లైబ్రరీ ఉంటుంది, మంచి సీనియర్లు దొరుకుతారు. మన లక్ష్యం అది కావాలి.

క్లాట్ అని ఇంకో పరీక్ష ఉంది. దేశంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల కోసం ఏటా సాధారణంగా డిసెంబరులో జరుగుతుంది. హైదరాబాద్‌లోని నల్సార్, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఈ కోవలోవే. రెండు గంటల్లో 120 ప్రశ్నలు. అంతా ఇంగ్లిషే. పెద్ద పెద్ద పేరాలు ఇచ్చి వాటి మీద ప్రశ్నలు అడుగుతారు. తప్పుకు పావు మార్కు కోత. దరఖాస్తుకే 4 వేల రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 3,500. చదువు ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది. ఇంగ్లిషు బాగా చదవగల పిల్లలుంటే రాయించండి, భయపడాల్సిందేమీ లేదు. కానీ ఊళ్లో ప్రభుత్వ కాలేజీలో, తెలుగు మీడియంలో చదివిన పిల్లకు ముందు తెరిచి ఉన్న తలుపు లాసెట్. క్లాట్ రాలేదని లా చదువునే వదిలేయడం సరికాదు.

సిలబస్ మన బతుకులోనే ఉంది

లాసెట్‌లో సగం మార్కులు మూడో భాగానివే. అందులో రాజ్యాంగం, చట్టంలోని మూల సూత్రాలు, ఒక సూత్రం చెప్పి ఒక సంగతి ఇచ్చి జవాబు అడిగే ప్రశ్నలు ఉంటాయి. ఈ భాగం చూసి పిల్లలు భయపడతారు. నిజానికి మన పిల్లలు ఇతరులకంటే ముందుండగలిగిన చోటు ఇదే.

ఒక ఉదాహరణ చూడండి. సూత్రం: బెదిరించి తీసుకున్న సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి కాదు, అలా సంతకం పెట్టినవాడు కోరుకుంటే ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. సంగతి: ఏజెంటు రాములు పాస్‌పోర్టు లాక్కుని, "ఈ కొత్త కాగితం మీద సంతకం పెడితేనే పాస్‌పోర్టు ఇస్తా, లేకుంటే చింపేస్తా" అన్నాడు. రాములు పెట్టాడు. ఆ ఒప్పందం సంగతేంటి? జవాబు: రాములు కోరుకుంటే రద్దు చేసుకోవచ్చు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం చెప్పేది ఇదే. "ఆ కాగితం మొదటి నుంచీ చెల్లదు" అని కూడా ఒక జవాబు పక్కన పెడతారు. దాన్ని గుర్తుపడితే "రద్దు చేసుకోదగిన ఒప్పందం", "చెల్లని ఒప్పందం" అనే రెండు మాటల మధ్య తేడా పిల్లకు అర్థమైనట్టే. తండ్రికి జరిగింది విన్న పిల్ల ఈ తేడాను బట్టీ కొట్టాల్సిన పని లేదు.

ఇంకొకటి. రాజ్యాంగంలోని 23వ అధికరణం మనుషుల అక్రమ రవాణాను, వెట్టిచాకిరీని నిషేధిస్తుంది. 1982లో ఢిల్లీలో ఏషియాడ్ ఆటల కోసం స్టేడియంలు, ఫ్లైఓవర్లు కట్టిన కూలీల గురించి ఒక పౌరహక్కుల సంస్థ సుప్రీంకోర్టు జడ్జికి ఉత్తరం రాస్తే, ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకున్నారు. కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం కూడా 23వ అధికరణం కిందికి వచ్చే వెట్టిచాకిరీయేనని కోర్టు తీర్పు చెప్పింది. మట్టి మోసిన, ఇటుకలు పేర్చిన కూలీల కోసం వచ్చిన తీర్పు అది. లా విద్యార్థులు ఇవాళ్టికీ దాన్ని చదువుతారు. మన పిల్లలకు దాని గురించి చెప్పండి, మరచిపోరు.

పేదలకు ఉచిత న్యాయ సహాయం అందించాలని 39ఎ అధికరణం చెబుతుంది. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, మరికొన్ని వర్గాలకు ఆదాయంతో సంబంధం లేకుండా కోర్టు కేసులో లాయరును ఉచితంగా ఇస్తారు. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో ఆ సంస్థ ఆఫీసు ఉంటుంది. పరీక్షలో ఇది ఒక మార్కు ప్రశ్న. ఊళ్లో ఒంటరిగా ఉన్న మన అక్కకో వదినకో అదే బతుకు ప్రశ్న.

ఎలా సిద్ధం కావాలి?

కోచింగ్ సెంటర్ అక్కర్లేదని అంటున్నాను కాబట్టి, మరేం చేయాలో చెప్పే బాధ్యత నాదే. ఆరు నెలల లెక్కతో చెబుతాను.

మొదటి రెండు నెలలు రాజ్యాంగం. ఎనిమిది నుంచి పది వరకు సాంఘిక శాస్త్రం పాఠ్యపుస్తకాలు, ఇంటర్ సివిక్స్ పుస్తకం ముందు పూర్తి చేయాలి. ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు, పార్లమెంటు, శాసనసభ, రాష్ట్రపతి, గవర్నరు, కోర్టులు, ఎన్నికల సంఘం. అధికరణాల నంబర్లు ఒక నోటుబుక్కులో రాసుకుని రోజూ పది తిరగేయాలి.

తర్వాతి రెండు నెలలు చట్టం మాటలు, సూత్రాలు. ఒప్పందం అంటే ఏమిటి, నేరానికి సివిల్ తగాదాకు తేడా ఏమిటి, నిర్లక్ష్యం అంటే ఏమిటి, మైనరు చేసిన ఒప్పందం ఎందుకు చెల్లదు, ఇలాంటివి. దీంతోపాటే రోజుకు అరగంట మెంటల్ ఎబిలిటీ: అంకెల వరసలు, బంధుత్వాలు, దిక్కులు, కోడింగ్. ఇవి చేసేకొద్దీ వచ్చేవే.

చివరి రెండు నెలలు పాత ప్రశ్నపత్రాలు, గడియారం పెట్టుకుని. 120 ప్రశ్నలకు 90 నిమిషాలంటే ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లు. తెలిసినవి ముందు చేసి, మిగిలినవి తర్వాత చూడాలి. మార్కు కోత లేదు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. పరీక్ష కంప్యూటర్ మీద కాబట్టి మౌస్ పట్టని పిల్లలు నెట్ సెంటర్‌లోనో, తెలిసినవాళ్ల ల్యాప్‌టాప్ మీదనో నాలుగైదు మాక్ టెస్టులు రాయాలి. లాసెట్ వెబ్‌సైట్లో మాక్ టెస్టు ఉచితంగానే ఉంటుంది.

ఈ ఆరు నెలలూ ఆగకుండా చేయాల్సింది పేపరు చదవడం. రోజూ గంట. కరెంట్ అఫైర్స్‌కు 30 మార్కులు ఉన్నాయి. వాటిని పరీక్షకు పది రోజుల ముందు ఒక గైడు కొని సంపాదించలేం. ఇక్కడ మనం కూడా ఒక చేయి వేయొచ్చు. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి ఫోన్ చేసినప్పుడు "తిన్నవా, పైసలు అందినయా" అన్న తర్వాత "ఇయ్యాల పేపర్ల ఏముంది, మూడు సంగతులు చెప్పు" అని అడగండి. మనకు జవాబులు తెలియకపోయినా ఫర్వాలేదు. అడిగేవాళ్లు ఉన్నారంటే పిల్లలు చదువుతారు.

పుస్తకాలు కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఇన్నేళ్లూ మోసానికి 420 అన్నాం, ఇప్పుడది 318వ సెక్షన్ కిందికి వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాలు 29 కలిపి చేసిన నాలుగు కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అందుకని సీనియర్లు ఇచ్చిన పాత గైడ్లు రాజ్యాంగానికి పనికొస్తాయి గానీ, నేరాలకు, కార్మిక చట్టాలకు పనికిరావు. ఆ భాగం కొత్త పుస్తకంలోనే చూడాలి.

సర్టిఫికెట్లు ముందే సిద్ధం చేసుకోవాలి. కులం, ఆదాయం ధ్రువపత్రాలు, స్కూలు నుంచి చదివిన స్టడీ సర్టిఫికెట్లు కౌన్సెలింగ్‌లో అడుగుతారు. సీటు వచ్చాక పరుగెత్తితే ఆలస్యమవుతుంది. పిల్లలను ఇక్కడ గల్ఫ్ స్కూల్లో చదివించినవాళ్లు లోకల్, నాన్ లోకల్ నిబంధన ముందే చదువుకోవాలి. సీట్లలో పెద్ద భాగం లోకల్ వాళ్లకే పోతుంది.

మీరు అడిగే ప్రశ్నలు

"వకీలుకు సంపాదన ఎక్కడిది?" ఇది న్యాయమైన ప్రశ్నే. సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరిన మొదటి రెండు మూడేళ్లు చేతికి వచ్చేది తక్కువ. ఆ కొన్నేళ్లు ఇంటి నుంచి ఆసరా కావాలి. ఆ మాట పిల్లలతో, మనతో మనం ముందే చెప్పుకోవాలి. అయితే కోర్టు ఒక్కటే దారి కాదు. బ్యాంకుల్లో, కంపెనీల్లో లా ఆఫీసర్లు ఉంటారు. ప్రాసిక్యూటర్ ఉద్యోగాలు ఉన్నాయి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష ఉంది, దానికి మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంజనీరింగ్ చదివి ఇంట్లో కూర్చున్న పిల్లలు మన ఊళ్లలో లేరా? ఏ చదువుకూ గ్యారంటీ లేదు. లాకూ లేదు. కానీ లా చదివిన పిల్ల ఉద్యోగం లేకపోయినా ఇంటికి, ఊరికి పనికొస్తుంది.

"చదువు అయ్యాక లాయరుగా నమోదుకు మళ్లీ వేలు కట్టాలట కదా?" ఇన్నేళ్లూ బార్ కౌన్సిళ్లు వేలకు వేలు వసూలు చేశాయి. 2024 జులై 30న సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. చట్టంలో ఉన్న ప్రకారం జనరల్ వాళ్లకు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలకు మించి నమోదు ఫీజు తీసుకోకూడదని చెప్పింది. ఆ తర్వాత రాయాల్సిన ఆలిండియా బార్ పరీక్షను తెలుగులో కూడా రాయొచ్చు.

"ఇంగ్లిషు రాదు." లాసెట్‌కు ఇంగ్లిషు అడ్డం కాదు. చదువులో మాత్రం కావాలి. తీర్పులు, పుస్తకాలు చాలావరకు ఇంగ్లిషులోనే ఉన్నాయి. అయితే కింది కోర్టులో సాక్షి చెప్పేది తెలుగు, క్లయింటు ఏడ్చేది తెలుగు. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక కేసులో తెలుగులో తీర్పు ఇచ్చింది. మనం ఇక్కడికి వచ్చిన రోజు మనకు అరబ్బీ వచ్చా, హిందీ వచ్చా? సైట్లో నిలబడి నేర్చుకున్నాం. పిల్లలకు మూడేళ్లో అయిదేళ్లో క్లాసులో కూర్చుని నేర్చుకునే అవకాశం ఉంది.

"ఆడపిల్లకు కోర్టు ఎందుకు?" నా దృష్టిలో ఆడపిల్లకే ముందు. అరబ్బు ఇంట్లో ఏం జరిగిందో ఒక ఆడమనిషి మగ వకీలు ముందు నోరు విప్పదు. భర్త గల్ఫ్‌లో ఉండగా అత్తింట్లో పడే బాధ కూడా అంతే. అమ్మాయి వకీలు అయితే ఆ మాట బయటికి వస్తుంది.

మనకు మనం కూడా

లా చదువు పిల్లలకే అనుకోకండి. డిగ్రీ చదివి ఇక్కడ స్టోర్ కీపర్‌గా, డ్రైవర్‌గా, హెల్పర్‌గా చేస్తున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. లాసెట్‌కు వయసు పరిమితి అడ్డం కాదు. నలభై ఏళ్లకు ఇంటికి వెళ్లి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చదవొచ్చు. అయితే రెండు గుంటలు ఉన్నాయి, చూసి నడవాలి.

ఒకటి, దూరవిద్యలో ఎల్ఎల్‌బీ. "ఇక్కడే ఉండి చదవండి, పరీక్షకు వస్తే చాలు" అని ఎవడైనా అంటే నమ్మొద్దు. దూరవిద్య లా డిగ్రీని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా లాయరుగా నమోదుకు ఒప్పుకోదు. క్లాసుకు 70 శాతం హాజరు ఉండాలి. గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తూ ఎల్ఎల్‌బీ కుదరదు, అంతే.

రెండు, ఇంటర్ లేకుండా ఓపెన్ యూనివర్సిటీ అర్హత పరీక్ష రాసి నేరుగా డిగ్రీ చేసినవాళ్లు. ఆ డిగ్రీ ఎన్నో ఉద్యోగాలకు పనికొస్తుంది గానీ, బార్ కౌన్సిల్ నిబంధన ప్రకారం లాకు పనికిరాదు. పది, ఇంటర్, డిగ్రీ వరసగా ఉండాలి. ఇది తెలియక ఫీజు కట్టి తర్వాత తల పట్టుకోవద్దు.

మూడో మాట పిల్లల విషయంలో. "ఎన్నారై కోటా" అనగానే మనమూ ఎన్నారైలమే కదా అనిపిస్తుంది. ఆ కోటా ఫీజు మామూలు సీటుకు ఎన్నో రెట్లు. షట్టరింగ్ కొట్టే ఎన్నారైని దృష్టిలో పెట్టుకుని పెట్టిన కోటా కాదది. ర్యాంకు తెచ్చుకుని కన్వీనర్ కోటాలో చేరడమే మన దారి.

సంఘాలు, ప్రభుత్వాలు చేయాల్సింది

మన సంఘాలు బతుకమ్మ, ఉగాది, సంక్రాంతి ఘనంగా చేస్తున్నాయి. చేయాలి, అది మన ప్రాణం. ఆ ఖర్చులో ఒక చిన్న భాగం లాసెట్ రాసే పిల్లల కోసం పక్కన పెట్టమని అడుగుతున్నాను. మండల కేంద్రంలోని లైబ్రరీకి కొత్త పుస్తకాలు, ఒక పేపరు చందా. ఇప్పటికే లా చదువుతున్న మన పిల్లలతో వారానికోసారి ఫోన్ మీద పాఠం. దరఖాస్తు ఫీజు కట్టలేని ఇంటికి ఆ వెయ్యి రూపాయలు. ఇంతే. దీనికి పెద్ద స్పాన్సరు అక్కర్లేదు.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ ఒకటి అడగాలి. గల్ఫ్ కార్మికుల సంక్షేమం అంటే మనం చనిపోయాక ఇచ్చే డబ్బు ఒక్కటే కాదు. బతికుండగా మన పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంట్ సకాలంలో ఇవ్వాలి. లాసెట్ కౌన్సెలింగ్ నెలల తరబడి సాగదీస్తే పేద పిల్లలే మధ్యలో ఆగిపోయి ఏదో పనికి పోతారు. గల్ఫ్ వలసలు ఎక్కువున్న జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల్లో లాసెట్‌కు ఉచిత శిక్షణ పెట్టాలి. ఇది దానం కాదు. మనం పంపే డబ్బుతో ఆ జిల్లాల్లో ఎన్ని ఇళ్లు, ఎన్ని దుకాణాలు నడుస్తున్నాయో ప్రభుత్వానికి తెలుసు.

లా చదివి పైకొచ్చే మన పిల్లలకు కూడా ఒక షరతు. నెలకు ఒక్క గల్ఫ్ కుటుంబం కేసు ఫీజు లేకుండా చూడాలి. కనీసం కాగితం చదివి చెప్పాలి. తండ్రి ఎండలో, తల్లి పరాయి వంటింట్లో నిలబడి కట్టిన చదువు అది.

లాసెట్ నోటిఫికేషన్ సాధారణంగా ఏడాది మొదటి నెలల్లో వస్తుంది, పరీక్ష వేసవిలో ఉంటుంది. ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు పిల్లలను అడగండి: "లా చదువుతావా?" ఇష్టం లేదంటే వదిలేయండి, బలవంతం వద్దు. ఇష్టం ఉందంటే మాత్రం నవ్వకండి. రేపటి నుంచి పేపరు తెప్పించండి.